వేసవి సెలవుల్లో రెండు రోజులు: పిల్లలతో కడియం, ధవళేశ్వరం చూసి రండి

దాళ్వా కోతలు పూర్తయ్యాయి. ధాన్యం అమ్ముకున్నవారు అమ్ముకున్నారు, డబ్బు ఇంకా చేతికి రానివారు తిరుగుతూనే ఉన్నారు. కాలువలు కట్టేశారు. మళ్ళీ జూన్‌లో నీరు వదిలి, సార్వా నారుమళ్ళు దున్నేదాకా డెల్టా రైతుకు కాస్త తీరిక దొరికేది ఈ రోజుల్లోనే. పిల్లలకు బడి సెలవులు కూడా ఇప్పుడే. ఎక్కడికైనా తీసుకెళ్ళమని వాళ్ళు పోరుపెడుతూనే ఉంటారు. సినిమాకో, పట్నంలో చుట్టాలింటికో పంపేసి ఊరుకుంటాం.

దూరం పోనక్కర్లేదు. ఒక శనివారం, ఆదివారం చూసుకుని మన గోదావరి చుట్టూనే తిప్పి తీసుకురండి. మన పిల్లల్లో చాలామందికి తమ చేలోకి వచ్చే నీరు ఏ కాలువదో, ఆ కాలువ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. పెరట్లో ఉన్న మామిడి అంటుమొక్కో, టెంకమొక్కో చెప్పలేరు. రేపు ఈ పొలాన్ని ఉంచాలా, కౌలుకివ్వాలా, అమ్మాలా అని తేల్చేది వాళ్ళే. తెలియని దాని మీద ఎవరికీ మమకారం ఉండదు.

ఈ ప్రయాణం మీకూ పనికొచ్చేదే. మొక్కలు కొనబోయే ముందు చూడాల్సినవి, కాలువ నీటి లెక్క, మట్టి నమూనా తీసే పద్ధతి ఇందులోనే కలిపి చెబుతున్నాం.

ముందు రెండు జాగ్రత్తలు

మొదటిది ఎండ. మే నెలలో రాజమండ్రి ఎండ సంగతి మీకు చెప్పేదేముంది! బయట తిరిగే పనంతా ఉదయం పదకొండు లోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. మధ్యలో నీడపట్టున ఉండాలి. ఉప్పు వేసిన మజ్జిగ సీసా, తువ్వాలు, పిల్లలకు టోపీలు మరవకండి.

రెండోది నీళ్ళు. ఇది ఇంకా ముఖ్యం. సెలవుల్లో గోదావరిలోనూ, కాలువల్లోనూ మునిగి పిల్లలు పోయారన్న వార్త లేని వేసవి లేదు. ఎండాకాలం గోదారి చూడటానికి మోకాలి లోతులా ఉంటుంది. నాలుగడుగులు వేస్తే ఇసుక తవ్విన గుంత. పైకి తెలియదు. అంచు ఇసుక జారిపోతూ ఉంటుంది కాబట్టి ఈత వచ్చినవాడికి కూడా కాలు నిలవదు. బ్యారేజీకి ఎగువన నీరు నిలవ ఉండి లోతుగా ఉంటుంది. కట్టేసిన కాలువల్లో సైతం లాకుల దగ్గర, వంతెనల కింద మడుగులు మిగిలిపోతాయి. స్నానం చేయాలంటే నలుగురూ దిగే రేవులోనే, మెట్ల మీదే, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకునే. ఒకడు మునిగిపోతుంటే ఇంకొకడు దూకి ఇద్దరూ పోవడమే ఎక్కువ జరుగుతోంది. ఒడ్డున నిలబడి తాడో, చీరో, పొడవాటి గెడో అందివ్వాలని పిల్లలకు ముందే చెప్పండి.

శనివారం ఉదయం: కడియం

రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారిలో వెళ్తే వేమగిరి దాటాక కడియపులంక వస్తుంది. కడియం, కడియపులంక, బుర్రిలంక, వీరవరం, జేగురుపాడు, పొట్టిలంక. ఈ ఊళ్ళన్నీ నర్సరీలే. రోడ్డుకు రెండు పక్కలా కనుచూపు మేర మొక్కలు. ఇక్కడి నుంచి లారీలకెత్తిన మొక్కలు ఇతర రాష్ట్రాలకు కూడా పోతాయి.

పెందలాడే వెళ్ళండి. కడియపులంకలో పూల మార్కెట్టు ఉంది, తెల్లవారేసరికే సందడి మొదలవుతుంది. బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం రైతులు బుట్టల్లో తెస్తుంటే పాటలో ధర పలుకుతుంది. పండించినవాడికి పలికిన ధర ఎంతో, అదే పువ్వు గుడి ముందు ఎంతకు అమ్ముతున్నారో పిల్లల చేత లెక్క కట్టించండి. మార్కెట్టు అంటే ఏమిటో పుస్తకంలో కంటే ఇక్కడే బాగా తెలుస్తుంది.

తర్వాత నర్సరీల్లోకి నడవండి. అలంకారం మొక్కలు చూసి పిల్లలు మురిసిపోతారు, మురిసిపోనివ్వండి. కానీ వాళ్ళను అంటు కట్టే చోటికి తప్పకుండా తీసుకెళ్ళాలి. అడిగితే చాలామంది కాదనరు. బ్లేడుతో చీల్చి, పుల్ల చెక్కి, అందులో దింపి, పాలిథీన్ పట్టీ బిగించే పనిలో చాలాచోట్ల ఆడవాళ్ళే ఉంటారు. చేతివాటం చూస్తే ముచ్చటేస్తుంది. కింద ఉన్నది టెంక నుంచి మొలిచిన వేరుమొక్క. పైన పెట్టేది మనకు కావలసిన రకం కొమ్మ. బంగినపల్లి చెట్టు కొమ్మ పెడితే బంగినపల్లి, సువర్ణరేఖ కొమ్మ పెడితే సువర్ణరేఖ. టెంక పాతితే తల్లి రకం రాకపోవచ్చు. మామిడిలో అంటుమొక్కకే పోవడం అందుకే.

మొక్క ఎలా చూసి కొనాలి

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. వరి విత్తనం చెడితే ఒక పంట పోతుంది. మామిడో, కొబ్బరో మొక్క చెడితే నాలుగైదేళ్ళు నీళ్ళు పోసి, ఎరువు వేసి, కాపు వచ్చాక గానీ మోసం బయటపడదు. అప్పటికి అమ్మినవాడికి మనం గుర్తుండం. చెట్టు నరకడానికి మనసు రాదు.

మామిడి అంటులో ముందు చూడవలసింది అతుకు. నేల నుంచి జానెడు ఎత్తులో ఉండి, రెండు కాండాలూ ఒకే లావులో కలిసిపోయి ఉండాలి. అతుకు దగ్గర ఉబ్బినా, పగులున్నా, జిగురు కారుతున్నా వదిలేయండి. పాలిథీన్ పట్టీ ఇంకా బిగిసే ఉండి కాండాన్ని కోస్తుంటే అది కూడా వద్దు. అతుకు కింద నుంచి చిగుళ్ళు వస్తున్నాయేమో చూడండి. అవి వేరుమొక్కవి. వాటిని ఉంచితే పైకొమ్మ చచ్చి కిందిదే చెట్టవుతుంది. ఏపుగా నిలువెత్తున ఉందని మొక్కను ఎంచుకునేవారున్నారు. అది సరికాదు. అంటు కట్టి ఆర్నెల్ల నుంచి ఏడాది అయి, అతుకు మీద కనీసం రెండుసార్లు చిగురు వేసి ముదిరిన మొక్క అయితే చాలు.

తరువాత సంచిని పైకెత్తి అడుగు చూడండి. వేళ్ళు సంచి చించుకుని నేలలోకి దిగి ఉంటే, లాగినప్పుడు తెగిపోతాయి. అలాంటి మొక్క బండి ఎక్కేదాకా పచ్చగానే ఉండి ఇంటికొచ్చాక వాడిపోతుంది. చిన్న సంచిలో ఏళ్ళ తరబడి ఉంచిన మొక్కకు వేళ్ళు చుట్ట చుట్టుకుపోతాయి. నాటాక కూడా అవి చుట్టగానే ఉండి, పెద్ద గాలికి చెట్టు కూకటితో లేస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమవారికి వేరుపట్టు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

కొబ్బరి మొక్కకు కొలతలు వేరు. వయసు 9 నుంచి 12 నెలలు, మొదలు చుట్టుకొలత 10 సెంటీమీటర్లకు తగ్గకుండా, ఆకులు అయిదారు. ఆకు ఎంత త్వరగా ఈనెలుగా చీలితే మొక్క అంత చురుకైనదని గుర్తు. విత్తనపు కాయలు పాతిన అయిదు నెలల్లోపు మొలిచినవే మంచివి. ఆలస్యంగా మొలిచినవి చౌకగా ఇస్తామంటారు. ఆశపడొద్దు.

ఆకు అడుగుభాగం కూడా తిప్పి చూడాలి. తెల్లటి మైనపు పొడితో సుడులు సుడులుగా చుట్టినట్టు గుర్తులుంటే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో ఇది 2016లో మొదటిసారి బయటపడింది. కొబ్బరికి, అరటికి, జామకు, ఇంకా ఎన్నో మొక్కలకు పడుతుంది. ఆకుల మీద నల్లటి మసి కమ్మేలా చేస్తుంది. మొక్కలతో పాటే ఊరి నుంచి ఊరికి పోతుంది. ఒక్క కుండీ మొక్కతో దాన్ని మీ తోటకు తెచ్చుకోకండి.

రకం పేరు, తేదీ రాసిన బిల్లు అడగండి. పండ్ల మొక్కలు అమ్మే నర్సరీలకు రిజిస్ట్రేషన్ ఉండాలని 2010లో చట్టమే వచ్చింది. బిల్లు ఇవ్వనన్నవారి దగ్గర పది రూపాయలు తగ్గినా కొనకపోవడమే మంచిది.

ఇంతా చెప్పి, తోట వేసేవారు ఇప్పుడు మొక్కలు కొనవద్దంటున్నాం! మే ఎండలో నాటితే నీళ్ళు మోయలేక చస్తారు. ఇప్పుడు చూసుకోండి, ధర కనుక్కోండి, నచ్చిన చోట చెప్పి ఉంచండి. ఇంటికొచ్చి గుంతలు తవ్వండి. మామిడికి, కొబ్బరికి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. పై మట్టి ఒక పక్కన, అడుగు మట్టి ఒక పక్కన పోసి నాలుగు వారాలు ఎండనివ్వండి. తొలకరి పడ్డాక జూన్, జూలైలో మొక్క తెచ్చి, వారం రోజులు చెట్టు నీడలో ఉంచి అప్పుడు నాటాలి. అతుకు మట్టిలో కూరుకుపోకూడదు. కొబ్బరి అయితే 8 మీటర్ల ఎడంలో ఎకరానికి 60 పైచిలుకు, మామిడి 10 మీటర్లయితే 40 మొక్కలు పడతాయి. మొక్కలు తెచ్చే రోజున బండిపైన గోనెపట్టా కప్పండి. దారిలో కొట్టే వేడిగాలే సగం మొక్కల్ని చంపుతుంది.

పెరట్లోకి గులాబీయో, మల్లెంటో పిల్లలు అడిగితే ఒకటి రెండు తెచ్చుకోవచ్చు. అది వేరే సంగతి. పెరటి మొక్క చూసేది ఇంట్లో ఆడవాళ్ళే కాబట్టి వాళ్ళనూ ఈ ప్రయాణంలో వెంటబెట్టుకోండి. ఎంపికలో వాళ్ళ చూపే నిదానం.

శనివారం సాయంత్రం: ధవళేశ్వరం

మధ్యాహ్నం ఎండలో కాటన్ మ్యూజియం లోపల గడపవచ్చు. ఏ రోజుల్లో తీసి ఉంటుందో, ఎంతవరకు ఉంటుందో బయల్దేరే ముందే కనుక్కోండి. ఆనకట్ట నమూనాలు, బొమ్మలు, నాటి పనిముట్లు ఉన్నాయి. నమూనా దగ్గర పిల్లల్ని నిలబెట్టి కథ చెప్పండి. 1832-33లో వచ్చిన నందన కరువులో జనం పురుగుల్లా రాలిపోయారు. పక్కనే గోదావరి పారుతోంది, పొలాలకు మాత్రం చుక్క ఎక్కదు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. ఆయన పుట్టింది 1803 మే 15న. ఏటా ఆ రోజున ఇక్కడా, డెల్టా ఊళ్ళలోనూ విగ్రహాలకు దండలు వేస్తారు. మీ సెలవు ఆ దగ్గర్లో పడితే మరీ మంచిది.

ఇప్పుడు మనం చూస్తున్నది ఆ పాత ఆనకట్ట కాదు. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది. నదిలో లంకలు అడ్డుండటంతో ఇది ఒకే గోడగా లేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు చేతులు. తలుపులు వరుసగా 70, 43, 23, 39. మొత్తం 175. చల్లబడ్డాక బ్యారేజీ మీదుగా వెళ్తూ పిల్లల్ని లెక్క పెట్టమనండి, కాసేపు అల్లరి తగ్గుతుంది. ఇక్కడి నుంచే మూడు కాలువలు మూడు డెల్టాలకు పోతాయి. ధవళేశ్వరం వైపు తూర్పు డెల్టా, మధ్యలో బొబ్బర్లంక దగ్గర కోనసీమకు మధ్య డెల్టా, అవతల విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా. మొత్తం సుమారు 10 లక్షల ఎకరాలు, అందులో సగానికి పైగా పశ్చిమ డెల్టాదే.

నీటిమట్టం కొలబద్ద దగ్గర ఆగండి. 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయింది. అదే నది మే నెలలో వేల క్యూసెక్కుల్లోకి దిగిపోయి, ఇసుక మేటల మధ్య పాయలుగా పాకుతుంది. ఇదేనా ఆ గోదారి అని పిల్లలు అడక్కమానరు.

క్యూసెక్కు లెక్క

క్యూసెక్కు అన్న మాట రోజూ పేపర్లో చదువుతాం. ఒక సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అంటే 28 లీటర్ల పైన. మన భాషలో సెకనుకు రెండు బిందెలు అనుకోండి. ఒక క్యూసెక్కు ఇరవై నాలుగు గంటలు ఆగకుండా పారితే సుమారు 24 ఎకరాల్లో అంగుళం నీరు నిలుస్తుంది. గంటకు ఎకరం అని గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు 10 లక్షల ఎకరాలకు ఒక్క అంగుళం పెట్టాలంటే? రోజంతా 42 వేల క్యూసెక్కులు కావాలి. దాళ్వా ఎండల్లో ఆ అంగుళం వరిచేలో మూడు రోజులు నిలిస్తే గొప్ప. అంటే సగటున రోజుకు 14 వేల క్యూసెక్కులు వస్తూ ఉండాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గోదావరిలో సహజంగా అంత ప్రవాహం ఉండదు. సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి దిగే నీటి కోసం ఎదురుచూడటం, వంతులు పెట్టడం, శివారు రైతులు కాలువ గట్టున రాత్రిళ్ళు కాపలా కాయడం అందుకే. పై రైతు తన తూములో మట్టకట్టె అడ్డం తీసేసి మురుగులోకి నీరు వదిలేస్తే, దిగువన ఎన్ని ఎకరాలు ఎండుతాయో పై లెక్కతో మీ పిల్లవాడే చెప్పగలడు.

కాలువ అడుగు కనిపించేది ఏడాదిలో ఈ నెలన్నరే. ఏప్రిల్ రెండో పక్షంలో కట్టాక మళ్ళీ జూన్‌లో గానీ వదలరు. తిరుగు దారిలో ఏదైనా వంతెన మీద ఆగి కిందికి చూపించండి. పూడిక ఎంత మేట వేసిందో, గుర్రపుడెక్క ఎంత మేర పరుచుకుందో, ఊళ్ళవాళ్ళు పారేసిన చెత్త ఎంతుందో అప్పుడు కనిపిస్తుంది. శివారుకు నీరు అందకపోవడానికి నది ఒక్కటే కారణం కాదు. మీ ఊరి పంట కాలువలో పూడిక తీయించే పని ఉంటే అడగవలసిన రోజులు కూడా ఇవే. నీరు వదిలాక అడిగితే వచ్చే ఏడు చూద్దామంటారు.

ఆదివారం ఎటు?

రెండు దారులున్నాయి. ఒకటి కోనసీమ. బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్ళండి. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యపు పిండి గుడ్డతో అలా లాగితే రేకు వస్తుంది. మన బియ్యమే, నేర్పు కలిస్తే ధర ఎక్కడికి పోతోందో చూడండి. మామిడి తాండ్ర కూడా ఇక్కడ చేస్తారు. దగ్గరలోనే ర్యాలి గుడి. ముందు నుంచి చూస్తే కేశవస్వామి, వెనక నుంచి జగన్మోహిని, ఒకే రాతిలో. అక్కడి నుంచి రావులపాలెం అరటి మార్కెట్టు, ఇంకా ముందుకు పోతే అంబాజీపేట కొబ్బరి. అంబాజీపేటలో కొబ్బరి పరిశోధనా స్థానం, పెనుగొండ వైపు వెళితే మార్టేరులో వరి పరిశోధనా స్థానం ఉన్నాయి. మార్టేరు 1925లో మొదలైంది. మనం వేసే స్వర్ణ అక్కడి నుంచి 1982లో వచ్చిన ఎం.టి.యు. 7029. విజేత, కాటన్‌దొర సన్నాలు కూడా అక్కడివే. కానీ ఆదివారం ప్రభుత్వ సెలవు. ఈ రెండూ చూడాలంటే పనిదినం పెట్టుకుని, ముందుగా ఫోన్ చేసి వెళ్ళాలి. శాస్త్రవేత్తలు ఉన్నప్పుడు వెళితేనే ప్రయోజనం, గోడలు చూసి వచ్చేం లాభం?

రెండోది కాకినాడ దగ్గర కోరింగ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి ఇది. చెట్ల మధ్య చెక్కబాట వేశారు కాబట్టి బురదలో దిగకుండానే లోపలికి నడవవచ్చు. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు, అంటే నీరు తీసిన వేళ వెళితే బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు కనిపిస్తాయి. ఉప్పునీటి బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్లు వేళ్ళను పైకి పంపి ఊపిరి పీలుస్తాయి. తుపాను అలల ఉరవడిని మొదట తట్టుకునేది ఈ అడవే. వంట చెరుకు కోసం, చెరువుల కోసం దీన్ని నరికినచోట ఉప్పు గాలి, ఉప్పు నీరు నేరుగా చేల మీదికి వస్తాయి. నీటిపిల్లి కూడా ఇక్కడుంది గానీ, పగలు కనిపిస్తుందని పిల్లలకు ఆశ పెట్టకండి.

మా మాటగా చెప్పాలంటే, ఉప్పుతో ఇబ్బంది పడే తీరప్రాంతం రైతులు కోరింగకు, మిగతావారు కోనసీమకు వెళ్ళడం మేలు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే బస్సు సీటు తప్ప ఏమీ చూడరు. పాపికొండల పడవ ప్రయాణానికి వెళ్ళేవారు మాత్రం 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరాన్ని గుర్తుంచుకోండి. అనుమతి ఉన్న పడవే ఎక్కాలి, లైఫ్ జాకెట్టు దిగేదాకా విప్పకూడదు.

ఎక్కడికీ వెళ్ళలేనివారికి

పశువులున్న ఇంట్లో రెండు రోజులు అందరూ కదలడం అయ్యే పని కాదు. అలాంటివారు ఒక ఉదయం పిల్లల్ని చేలోకి తీసుకెళ్ళి మట్టి నమూనా తీయించండి. చేను ఖాళీగా, ఎరువు వేయకుండా ఉన్న ఈ రోజులే దానికి సరైనవి.

గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసినచోట, నీరు నిలిచే మూల వదిలేయాలి. చేలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎకరానికి ఎనిమిది, పది చోట్ల పైనున్న చెత్త తీసేసి, పారతో ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంత తీయండి. గుంత పక్క నుంచి పై నుంచి కిందికి ఒకే మందాన పలకలా మట్టి గీకి బకెట్లో వేయాలి. అన్నిటినీ గోనె మీద పోసి గడ్డలు చిదిపి కలిపి, రొట్టెలా పరిచి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మిగిలినవి మళ్ళీ కలపండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే. పిల్లలు దీన్ని ఆటలా చేస్తారు. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి. యూరియా, సూపరు వచ్చిన సంచులు వాడారో లెక్క తప్పుతుంది. కొత్త గుడ్డ సంచి కావాలి.

చవుడు తేలిన చెక్క ఉంటే దాని మట్టి మంచి మట్టితో కలపకుండా విడిగా ఇవ్వండి. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, పోయిన పంట, వేయబోయే పంట కాగితం మీద పిల్లవాడి చేతే రాయించి సంచిలో పెట్టి, మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఇచ్చి రసీదు తీసుకోండి. సార్వా నాట్లకు ముందే ఫలితం చేతికి రావాలంటే మే నెల దాటనివ్వకండి.